విట్లీ కోర్ట్: కప్పు లేని భవంతికి టికెట్ కొని వెళ్లాలా?

బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలని అడుగుతుంటారు. నా ఓటు వూస్టర్‌షైర్‌లోని విట్లీ కోర్ట్‌కే. లోపల ఒక్క కుర్చీ లేదు, అంతస్తులు లేవు, పైన ఆకాశమే. అయినా టికెట్ డబ్బు దండగ కాదు.

1837లో లార్డ్ వార్డ్ తరఫున ఈ ఎస్టేట్‌ను 8,90,000 పౌండ్లకు కొన్నారు. అదంతా బొగ్గు, ఇనుము గనుల సొమ్ము. ఆయనకే తర్వాత డడ్లీ ఎర్ల్ అనే ప్రభు బిరుదు వచ్చింది. 1850లలో శామ్యూల్ డాక్స్ అనే ఆర్కిటెక్ట్ పాత ఇటుక గోడలకు బాత్ అనే ఊరి ప్రాంతపు సున్నపురాయి తొడిగి, పల్లె భవంతిని రాజభవనం చేశారు. 1920లో తివాచీల వ్యాపారి సర్ హెర్బర్ట్ స్మిత్ చేతికొచ్చింది. 1937 సెప్టెంబర్‌లో మంటలు. ఆ తర్వాత మిగిలిన సీసం, సామాను ఊడదీసి అమ్ముకున్నారు. 1972లో ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చింది, ఇప్పుడు చారిత్రక కట్టడాలను కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చూసుకుంటోంది.

మా నాన్నగారు ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. రాయి ఊడిన చోట లోపలి ఎర్ర ఇటుకలు చూపించి, "ఇదిగో అమ్మా, అసలు ఇల్లు ఇది" అన్నారు. పైఅంతస్తు పోయినా గోడకే మిగిలిపోయిన ఫైర్‌ప్లేసులను చూస్తూ ఎంతసేపటికీ కదల్లేదు. మళ్లీ కట్టేసి రంగులు వేసి ఉంటే ఇంత కనిపించేది కాదు. గోడలు పడిపోకుండా నిలబెట్టి అలాగే వదిలేయడమే సరైన పని, నాకైతే అందులో సందేహం లేదు.

గ్రీకు పురాణంలోని పెర్సియస్, ఆండ్రోమెడా బొమ్మలున్న ఫౌంటెన్ దగ్గర పిల్లలకు పండగే. ఫౌంటెన్ నడిపే సీజన్‌లో కూడా నీళ్లు రోజంతా చిమ్మవు, టైము ముందే చూసుకోండి.

పక్కనే ఉన్న చర్చిని మాత్రం వదలొద్దు. బయటికి సాదాగా ఉంటుంది, లోపలికెళ్తే తెలుపు, బంగారం! ఆంటోనియో బెల్లూచీ గీసిన పైకప్పు బొమ్మలు, రంగుటద్దాల కిటికీలు లండన్ దగ్గరి కానన్స్ అనే భవంతి ప్రార్థనా మందిరంవి. సంగీతకారుడు హాండెల్ పనిచేసిన ఇల్లు అది. 1747లో ఆ ఇంటిని పడగొట్టి ముక్కలుగా అమ్మేశారు. అంటే ఒకే చోట రెండు పోయిన ఇళ్లు చూస్తాం.

కార్ పార్క్ నుంచి కాస్త నడవాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే తొందరపెట్టకండి. లోపల నీడ తక్కువ, గొడుగు పట్టుకెళ్లండి.