లైనక్స్‌లో ఏఎక్స్210 వైఫై కార్డు: కొన్నేళ్లు వాడాక

లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతుంటే సెట్టింగులతో కుస్తీ పట్టడం కన్నా, డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) కెర్నెల్‌లోనే, అంటే లైనక్స్ గుండెకాయలాంటి భాగంలోనే, ఉన్న కార్డు కొనుక్కోవడం మేలు. ఇంటెల్ ఏఎక్స్210ని లైనక్స్ మింట్‌లో కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. ఇంటి నుంచి చేసే ఆఫీసు పనంతా దాని మీదే.

ల్యాప్‌టాప్‌తో వచ్చిన కార్డు ఏ కంపెనీదో చెప్పను. దాని డ్రైవర్ అప్పటికి కెర్నెల్‌లో లేదు. ఎవరో పుణ్యాత్ములు బయట పెట్టిన కోడ్‌ని డీకేఎంఎస్‌తో (కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ తయారుచేసే సాధనం) కంపైల్ చేసుకోవాలి. కెర్నెల్ అప్‌డేట్ వచ్చిందంటే టెన్షనే. కొత్త కెర్నెల్‌తో ఆ కోడ్ కుదరకపోతే, రీబూట్ అయ్యాక వైఫై గుర్తే కనిపించదు. నెట్ లేనిదే డ్రైవర్ రాదు, డ్రైవర్ లేనిదే నెట్ రాదు. అప్పుడల్లా ఆదుకున్నది ఫోనే. కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లైనక్స్ దాన్ని వైరు కనెక్షన్‌లాగే చూస్తుంది, విడిగా ఏదీ వేయక్కర్లేదు. ఫోన్ దగ్గర లేకపోతే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలోంచి పాత కెర్నెల్‌తో బూట్ చేయొచ్చు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇంకో తంటా: డిజిటల్ సంతకం లేని మాడ్యూల్‌ని (ఇలా బయటి నుంచి చేర్చే డ్రైవర్‌ని) కెర్నెల్ లోపలికే రానివ్వదు.

ఏఎక్స్210 వచ్చాక ఈ గొడవంతా పోయింది. కెర్నెల్ 5.10 నుంచి దీని డ్రైవర్ అందులోనే ఉంది, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మామూలు అప్‌డేట్లతోనే వస్తుంది. ల్యాప్‌టాప్ అడుగు మూత తీశాక, కార్డు మార్చడానికి ఒక్క స్క్రూ విప్పితే చాలు. యాంటెన్నా వైర్ల కొసలు మాత్రం ఆవగింజంత ఉంటాయి. నిటారుగా పెట్టి వేలితో నొక్కితే టిక్కుమని కూర్చుంటాయి, వంకరగా నొక్కితే విరుగుతాయి. కొనేటప్పుడు ఏఎక్స్211తో పొరబడకండి. అది సగం పనిని ఇంటెల్ ప్రాసెసర్ వైపున్న భాగానికి వదిలేసే రకం, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పనిచేయదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ తనకు తెలిసిన కార్డులనే ఒప్పుకుంటుంది, అదీ ముందే కనుక్కోవాలి.

కార్డు మంచిదైనంత మాత్రాన అన్నీ సర్దుకోవు. మా ఇంట్లో కరెంటు పోగానే వీడియో కాల్ తడబడేది. రౌటర్ ఇన్వర్టర్ మీదే నడుస్తోంది, పక్కనే ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. బయటి సైట్లను వదిలేసి, నేరుగా రౌటర్‌కే పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష) పెట్టాను. ఛార్జర్ మీద ఉన్నంతసేపు రెండు మూడు మిల్లీసెకన్లు, బ్యాటరీ మీదకు రాగానే వంద దాటి ఊగడం మొదలైంది. కారణం నా ల్యాప్‌టాప్‌లో ఉన్న టీఎల్‌పీ అనే బ్యాటరీ పొదుపు ప్రోగ్రామ్. బ్యాటరీ ఆదా కోసం అది వైఫై పవర్ సేవ్‌ని తనంతట తానే ఆన్ చేస్తుంది. దాని కాన్ఫిగ్ ఫైల్లో బ్యాటరీకి సంబంధించిన వైఫై లైన్‌ని ఆఫ్ చేశాక ఆ బాధ మళ్లీ లేదు. టీఎల్‌పీ లేని ఉబుంటు, మింట్‌లలోనైతే నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ఫైల్లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటుంది, దాన్ని 2 చేసి రీస్టార్ట్ చేయాలి. బ్యాటరీ కాస్త ముందు అయిపోవచ్చు గానీ, నాకు పెద్దగా తేడా తెలియలేదు.

లింకు పూర్తిగా తెగిపోతుంటే కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్ (dmesg) లాగ్ తెరిచి పెట్టుకుని, తెగే క్షణంలో ఏ లైను పడుతుందో చూడండి. 'డీఆథెంటికేటింగ్' లైన్లో 'బై లోకల్ ఛాయిస్' అని కనిపిస్తే లింకు వదిలేసింది మన కంప్యూటరే. అప్పుడు రౌటర్ కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు.

ల్యాప్‌టాప్‌నే 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్‌గా వాడాలనుకునేవాళ్లకు ఈ కార్డు సరిపడదు. ఏ దేశంలో ఉందో చుట్టుపక్కల రౌటర్ల సిగ్నళ్లను బట్టి తేల్చుకుని, దాన్నిబట్టే ఛానెళ్లు తెరిచేలా దీన్ని తయారుచేశారు. అది ఆపే ఆప్షన్‌ని కెర్నెల్ 5.5లోనే తీసేశారు. నేను హాట్‌స్పాట్ ఎప్పుడైనా పెడితే 2.4 మీదే పెడతాను, ఫోన్‌లోకి ఫైళ్లు పంపుకోవడానికి అది చాలు.