బ్రౌజర్ ఆటా, ఇన్‌స్టాల్ చేసే ఆటా?

గవర్నర్‌పేటలో మా జిరాక్స్ షాపు సిస్టమ్‌కి 4 జీబీ ర్యామే. ఇన్‌స్టాల్ చేసి ఆడే విచర్ 3 లాంటి భారీ ఆట దాని మీద కదలదు. అందుకే గిరాకీ లేని మధ్యాహ్నాలు కింగ్‌డమ్ ఆఫ్ లోథింగే దిక్కు. 2003 నాటి బ్రౌజర్ ఆట. బొమ్మలు పుల్లల మనుషులు, డబ్బుకు బదులు మాంసం! ఎవరైనా ఆధార్ కాపీకి వస్తే మధ్యలో లేవొచ్చు, రాక్షసుడు నా క్లిక్ కోసం అలాగే కూర్చుంటాడు.

రోజుకి 40 సాహసాలే, అంటే ఆడే వంతులే, ఇస్తుంది. హీరోకి తిండి పెట్టి, మందు పోస్తే ఇంకొన్ని. వ్యసనం కాకుండా అదే కాపాడుతోందని తమ్ముడితో అంటాను గానీ, ఒళ్లు మండేదీ అక్కడే. రసపట్టులో కరెంటు పోయినట్టు! పైగా ఒకే చోట అదే పనిగా నొక్కుతూ ఉండాలి.

విచర్ 3 తమ్ముడి గదిలో ఒక రాత్రి ఆడా. గాలికి చెట్లు ఊగుతుంటే గుర్రమెక్కి ఊరికే తిరగడానికే గంట పోయింది, కథ జోలికే వెళ్లలేదు. డౌన్‌లోడ్ పదుల జీబీలు, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. కానీ ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. బ్రౌజర్ ఆట అద్దె కొంప, వాళ్లు ఆపేస్తే మనదేం ఉండదు. చాలా బ్రౌజర్ ఆటల్ని నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ని 2020 చివర్లో ఆపేశాక, వేరే ఆటలోని నా పాత మాంత్రికుడొకడు ఏమైపోయాడో!

షాపులో మాత్రం పుల్లల మనిషే. పొద్దున షట్టర్ ఎత్తేసరికి మళ్లీ 40 సిద్ధంగా ఉంటాయి.