డీఎన్ఏ ముక్కలకు ఏ జెల్ మేలు: అగరోజా, పాలీఅక్రిలమైడా?

డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీయడానికి వాటిని జెల్‌లో పెట్టి కరెంట్ పంపుతారు. డీఎన్ఏకి ఫాస్ఫేట్ల వల్ల రుణావేశం ఉంటుంది. కరెంట్ పెట్టగానే ధన ఎలక్ట్రోడ్ వైపు కదులుతుంది. ముక్క పొడవు పెరిగితే ఆవేశం కూడా అదే లెక్కన పెరుగుతుంది కాబట్టి, ఉత్త ద్రవంలో వదిలితే చిన్నవీ పెద్దవీ ఇంచుమించు ఒకే వేగంతో పోతాయి. వాటిని విడదీసేది జెల్‌లోని రంధ్రాలే. అంటే మనం ఎంచుకోవాల్సింది జల్లెడని.

అగరోజ్ సముద్రపు నాచు నుంచి వస్తుంది. పొడిని బఫర్‌లో (ఆమ్లత మారకుండా ఉంచే ఉప్పు ద్రావణంలో) మరిగించి, కాస్త చల్లారాక ట్రేలో పోస్తే అరగంటలో గడ్డకడుతుంది. రంధ్రాలు పెద్దవి కాబట్టి 1 శాతం జెల్‌లో సుమారు 500 నుంచి 10,000 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల జతలు, పొడవును వీటితోనే లెక్కిస్తారు) ముక్కలు చక్కగా విడిపోతాయి. కావలసిన బ్యాండ్‌ను (ఒకే పొడవు ముక్కలు చేరిన గీతను) బ్లేడుతో కోసి డీఎన్ఏను వెనక్కి తీసుకోవడమూ తేలికే. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసే పద్ధతి) అయిందో లేదో చూసుకోవడానికి, క్లోనింగ్‌కి (ఒక డీఎన్ఏ ముక్కను వేరే డీఎన్ఏలో అతికించే పనికి) నేనైతే ఇదే వాడమంటాను.

కానీ డీఎన్ఏ పరీక్షతో తండ్రిని నిర్ధారించే పని తీసుకోండి. అక్కడ చూసే చాలా గుర్తుల్లో (మనిషి మనిషికీ తేడా ఉండే డీఎన్ఏ చోట్లలో) నాలుగు బేస్ జతల వరుస మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరిలో 200 జతల ముక్క ఉంటే, ఇంకొకరిలో ఒక వరుస ఎక్కువై 204 ఉండొచ్చు. మామూలు అగరోజ్‌లో ఈ రెండూ ఒకే బ్యాండ్‌లా కనిపిస్తాయి. ఒక బిడ్డ తండ్రి ఎవరన్నది తేల్చేటప్పుడు అలాంటి పొరపాటుకు చోటివ్వకూడదు. ఇక్కడ పాలీఅక్రిలమైడ్‌కే నా ఓటు. దాని రంధ్రాలు చాలా సన్నం. యూరియా కలిపి, డీఎన్ఏ పోగులను విడదీసి నడిపితే ఒక్క బేస్ తేడా కూడా తెలుస్తుంది. 1977లో వచ్చిన సాంగర్ పద్ధతిలో డీఎన్ఏ అక్షరాలు చదివింది ఇలాంటి జెల్ మీదే. ఇప్పుడు ఈ పని ఎక్కువగా సన్నటి కేపిల్లరీ గొట్టాల్లో జరుగుతోంది. సూత్రం మాత్రం అదే.

అయితే దీనితో శ్రమ ఎక్కువ. ఈ జెల్‌కి ముడిసరుకైన అక్రిలమైడ్ గడ్డకట్టకముందు నరాలకు విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. గాలిలోని ఆక్సిజన్ తగిలితే సరిగా గడ్డకట్టదు, అందుకే రెండు గాజు పలకల మధ్య పోస్తారు. అడుగున కారినా, బుడగ చిక్కినా మళ్లీ మొదటికొస్తుంది.

కాబట్టి ముక్కల సైజు ఒక్కటే చూడకండి, వాటి మధ్య తేడా ఎంతో చూడండి. 300, 350 లాంటివైతే 3 శాతం అగరోజ్ పోసి, సెంటీమీటరుకు 5 వోల్టుల చొప్పున నిదానంగా నడపండి. తొందరపడి వోల్టేజ్ పెంచితే జెల్ వేడెక్కి బ్యాండ్లు చెదిరిపోతాయి.