బరువైన పిల్లల ధమనుల బిరుసు కొలిచే మెషిన్: ఆరేళ్ల వాడకం తర్వాత

హైదరాబాద్‌లో ఒక పిల్లల ఆసుపత్రిలో టెక్నీషియన్‌ని. ధమనుల బిరుసు కొలిచే మెషిన్ మా గదిలోకి వచ్చి ఆరేళ్లు దాటింది. మెడ దగ్గర పెట్టే పెన్నులాంటి సెన్సర్, తొడకి చుట్టే గాలి పట్టీ, పక్కన లాప్‌టాప్, అంతే సరంజామా. గుండె కొట్టిన అల మెడకి ఎప్పుడొచ్చింది, తొడకి ఎప్పుడొచ్చింది అని పట్టుకుంటుంది. మనమిచ్చిన దూరాన్ని ఆ తేడాతో భాగించి వేగం చెబుతుంది. గోడ బిరుసెక్కిన కొద్దీ అల జోరుగా పోతుంది. ఈ లెక్క 1878 నాటిది. ఊబకాయం ఉన్న పిల్లల కోసమే మా డాక్టరుగారు దీన్ని తెప్పించారు.

మెషిన్ మంచిదే. అంతకుముందున్న దాంట్లో గజ్జల్లో వేలితో నాడి వెతికి అక్కడా పెన్ను పెట్టాల్సొచ్చేది. ఆడపిల్లలు సిగ్గుతో ముడుచుకుపోయేవాళ్లు. కొవ్వు కింద నాడి అందక మేమూ తడుముకునేవాళ్లం. ఆ బాధ తొడ పట్టీతో పోయింది. ఈ ఒక్క కారణానికే దీన్ని వదులుకోను.

చిక్కంతా టేపుతోనే. మెడ కింద గుంట నుంచి తొడ పట్టీ పై అంచు దాకా కొలిచి, అందులోంచి మెడ భాగమూ (ఆ గుంట నుంచి సెన్సర్ పెట్టే చోటు దాకా), గజ్జ నుంచి పట్టీ దాకా ఉన్న భాగమూ తీసేయాలి. మొదటి ఏడాది అందరిలాగే టేపుని పొట్ట మీదుగా పరిచేదాన్ని. ఒకసారి పదకొండేళ్ల బాబు పడుకుని ఉన్నాడు. టేపు బొడ్డు దగ్గర గుట్ట ఎక్కి దిగుతోంది. లోపల ధమని గుట్ట ఎక్కదు కదా అనిపించి, కాలిపర్‌లాంటి పొడవాటి కొలతబద్దని వాడి పొట్టకి తగలకుండా పైన గాల్లో పట్టి నేరుగా కొలిచాను. మూడు సెంటీమీటర్లు తేడా! అల పట్టిన సమయం 72 మిల్లీసెకన్లు. 39 సెంటీమీటర్లు ఇస్తే సెకనుకి 5.4 మీటర్లు, 36 ఇస్తే సరిగ్గా 5.0. పిల్లాడు అదే పిల్లాడు, ధమని అదే ధమని. పొట్ట ఎత్తుని మేం బిరుసుగా రాసేస్తున్నాం. లావు పిల్లలకి మాత్రమే పడే తప్పు ఇది, సన్నపిల్లలకి పడదు. ఇద్దర్నీ పోలిస్తే లేని రోగం కనిపిస్తుంది. ఆ రోజు నాకు కడుపులో దేవినట్టయింది. మొదటి ఏడాది కాగితాలన్నీ డాక్టరుగారి ముందు పెట్టాను.

తెర మీద పచ్చరంగులో వచ్చే నాణ్యత గుర్తుకి ఈ సంగతేమీ తెలియదు. అది చూసేది అలల ఆకారాన్నే, టేపుని కాదు. కొత్తగా చేరేవాళ్లకి నేను మొదట నేర్పేది ఇదే.

రెండోది బీపీ పట్టీ. రక్తపోటు పెరిగితే అల వేగమూ పెరుగుతుంది, అందుకే రెండూ కలిపి చదవాలి. ఆ బాబు చేతి చుట్టుకొలత 31 సెంటీమీటర్లు. పట్టీలోని గాలిసంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతమైనా ఉండాలి. అంటే పదకొండేళ్లవాడికి పెద్దవాళ్ల పట్టీ కావాలి. పిల్లల పట్టీ చుడితే బీపీ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. తొడ పట్టీతో ఇంకో ఇబ్బంది, లావు తొడ పైన వెడల్పు, కింద సన్నం. గాలి నిండగానే పట్టీ కిందికి జారుతుంది. జారితే దూరం మళ్లీ కొలవాల్సిందే, పాత అంకె వాడకూడదు.

ఇక సమయం. 36 సెంటీమీటర్ల దారిలో 5 మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే 4.7 కూడా రావచ్చు, 5.4 కూడా రావచ్చు. అందుకే పది నిమిషాలు పడుకోబెడతాను, ఫోన్ తీసేసుకుంటాను. "కదలకు నాన్నా, మాట్లాడకు, ఊపిరి మామూలుగా పీల్చు" అంటే, "ఎంతసేపు ఆంటీ?" అని వెంటనే మాట్లాడేస్తారు. మళ్లీ మొదలు. రెండు సార్లు తీస్తాను, రెండు వేగాలకీ సెకనుకి అర మీటరు మించి తేడా వస్తే మూడోది.

ఒక నాన్నగారు ఫోన్‌లో చదివొచ్చి, "వేగం పది దాటితేనే ప్రమాదమంట కదా మేడం, మావాడిది ఐదే" అన్నారు. ఆ పది పెద్దవాళ్లకి 2012లో పెట్టిన గీత. అదీ మెడ నుంచి గజ్జకి నేరు దూరంలో 80 శాతం తీసుకుని వేసిన లెక్క, మా తీసివేత పద్ధతి అంకెని దాని పక్కన పెట్టడమే కుదరదు. పిల్లలకి వయసునీ ఎత్తునీ బట్టి పట్టికలున్నాయి. 2010లో వచ్చిన పట్టిక హంగరీ, ఇటలీ, అల్జీరియా పిల్లల మీద తయారైంది. మన పిల్లలు అందులో లేరు. పైగా లావు పిల్లలు చాలామంది ఈడు కంటే ముందే పొడుగవుతారు. వయసు వరసలో చూస్తే ఒకటి, ఎత్తు వరసలో చూస్తే ఇంకొకటి. రెండూ రాసి డాక్టరుగారికే వదిలేస్తాను.

ఒక్క చేతి పట్టీతోనే ఈ వేగం చెప్పే మెషిన్లు కూడా వాడి చూశాను. పిల్లలకి హాయి, కానీ అవి అలని రెండు చోట్ల పట్టవు. వయసూ బీపీ ఎక్కువగా కలిసిన అంచనా అది. ధమని సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్లకి అవి వాడమని నేను చెప్పను.

కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు తొడ పట్టీల్లో పెద్ద సైజు కూడా మొదటే అడిగి తీసుకోండి. మాకు అది వేరుగా తెప్పించేసరికి నాలుగు నెలలు పట్టింది. ఈలోపు ఇద్దరు పిల్లల్ని కొలవకుండానే ఇంటికి పంపాను. కొలతబద్ద మెషిన్‌తో రాదు, మీరే కొనుక్కోవాలి. ప్రతి పిల్లాడి కాగితం మీద దూరం ఎలా కొలిచారో, ఏ పట్టీ వాడారో, ఎవరు కొలిచారో రాయండి. ఆ బాబు ఇప్పటికీ ఆర్నెల్లకోసారి వస్తాడు. ఎత్తు పెరిగాడు కాబట్టి దూరం ప్రతిసారీ కొత్తగా కొలుస్తాను, అదే బద్దతో, నా చేత్తోనే.