కడపలో గేర్ సైకిల్ కొనేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఫ్రేమ్ మీద ‘షిమానో గేర్లు’ అని స్టిక్కర్ ఉంటే చాలనుకోకండి (షిమానో అంటే సైకిల్ గేర్లు తయారుచేసే జపాన్ కంపెనీ). నేను అలాగే అనుకుని మోసపోయాను. నాలుగు నెలల క్రితం మన ఊళ్లోనే ఒక షాపులో 21 గేర్ల సైకిల్ 14,500 రూపాయలకు తీసుకున్నాను.

ఏడు రోడ్ల వైపు, చదును రోడ్ల మీద తిరిగినన్నాళ్లు బాగానే ఉంది. రెండో నెలలో ఒక ఆదివారం తెల్లవారకముందే గువ్వలచెరువు ఘాట్‌కి బయలుదేరాను. ఎక్కుడు మొదలైందో లేదో, బలంగా తొక్కినప్పుడల్లా చైను టక్కుమని ఎగరడం మొదలుపెట్టింది. సరే అని అన్నిటికంటే తేలిక గేరు వేశాను. అంతే, వెనక డిరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి మార్చే భాగం) వెళ్లి స్పోక్స్‌లో ఇరుక్కుంది. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. పక్కనే రాయచోటి వైపు పోయే లారీలు. రోడ్డు లోపలికి కాకుండా అంచు వైపు పడ్డాను కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

షాపుకి తీసుకెళ్తే, "మీరు గేర్లు వేసే పద్ధతి తప్పు సార్" అన్నారు. నాకు చాలా బాధనిపించింది. వేరే మెకానిక్ దగ్గర విప్పిస్తే అసలు సంగతి తెలిసింది. షిమానోది వెనక డిరైలర్ ఒక్కటే. అదీ టూర్నీ, అంటే వాళ్ల వరసలో అన్నిటికంటే కింది రకం. షిఫ్టర్లు (హ్యాండిల్ దగ్గర గేర్లు మార్చే మీటలు), ముందు డిరైలర్, ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి), చైను వేటి మీదా పేరే లేదు. ఆ షిఫ్టర్ ఒక్కో క్లిక్‌కు లాగాల్సినంత కేబుల్ లాగడం లేదు, అందుకే చైను రెండు పళ్ల చక్రాల మధ్య ఊగుతూ ఎగిరింది. ఇక డిరైలర్ స్పోక్స్‌లోకి పోకుండా ఆపేది ‘ఎల్’ అని గుర్తు ఉండే చిన్న స్క్రూ. షాపులో దాన్ని సెట్ చేయకుండానే సైకిల్ ఇచ్చేశారు!

టూర్నీ చెడ్డదని నేను అనను. ఆఫీసుకో, కాలేజీకో వెళ్లిరావడానికి షిఫ్టర్, ఫ్రీవీల్ కూడా షిమానోవే అయితే అది సరిపోతుంది. ఘాట్లు ఎక్కాలనుకుంటే మాత్రం దాని పైనున్న ఆల్టస్‌కి వెళ్లండి, డబ్బుకు తగ్గ విలువ అక్కడే ఉందని నా నమ్మకం. ఆ పైన ఏసెరా, అలీవియో, డియోర్ ఉన్నాయి కానీ మొదటి సైకిల్‌కి అంత అక్కర్లేదు. తైవాన్ కంపెనీ మైక్రోషిఫ్ట్ కూడా మంచిదే, పేరు కొత్తగా ఉందని భయపడకండి. శ్రామ్ అనే ఇంకో గేర్ల కంపెనీ విషయంలో ఒక్క జాగ్రత్త: దాని షిఫ్టర్ తెచ్చి షిమానో డిరైలర్‌కి తగిలిస్తామంటే ఒప్పుకోకండి. రెండిటి క్లిక్ కొలతలు సాధారణంగా కలవవు.

నేను ఇప్పుడు ఆల్టస్ డిరైలర్, షిమానో షిఫ్టర్లు, కొత్త చైను, అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి 34 పళ్లుండే షిమానో ఫ్రీవీల్ వేయించుకున్నాను. స్పోక్స్, కూలీతో కలిపి ఇంకో 5,200 అయింది. ఆ డబ్బు మొదటే పెట్టి ఉంటే ఇంతకంటే మంచి సైకిలే వచ్చేది.

షాపులో ఫోన్ టార్చి వేసి ఒక్కో భాగం వెనక చెక్కిన నంబర్ చదవండి. షిమానోలో ఆర్‌డి అంటే వెనక డిరైలర్, ఎఫ్‌డి అంటే ముందుది, ఎస్‌ఎల్ అంటే షిఫ్టర్, ఎంఎఫ్ అంటే ఫ్రీవీల్. నంబర్ లేకపోతే అది ఎవరిదని అడగండి. వెనక చక్రం పైకెత్తి పట్టించి, పెడల్ తిప్పుతూ అన్ని గేర్లూ మీరే వేసి చూడండి. బిల్లు మీద ఆ నంబర్లన్నీ రాయించుకోండి. నా బిల్లులో ‘గేర్ సైకిల్ - 1’ అని మాత్రమే ఉంది, అందుకే షాపువాళ్లతో గట్టిగా మాట్లాడటానికి నా చేతిలో ఏమీ లేకపోయింది.