సోప్‌క్యాల్క్ రివ్యూ: మెత్తబడ్డ సబ్బు గుట్టు ఎంతవరకు చెబుతుంది?

వారం దాటినా వేలితో నొక్కితే గుంట పడుతోందంటే, తప్పు సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: నూనెల్లో, నీళ్లలో, కాస్టిక్ సోడాలో. కోల్డ్ ప్రాసెస్ పద్ధతిలో (నూనెల్లో కాస్టిక్ నీళ్లు కలిపి, ఉడికించకుండా) సబ్బు చేసేవాళ్లు చాలామంది వాడే ఉచిత ఆన్‌లైన్ లెక్క సోప్‌క్యాల్క్. అది మొదటి తప్పును బాగానే పట్టిస్తుంది, రెండోదాన్ని తానే తెచ్చిపెడుతుంది, మూడోది దాని కంటికి ఆనదు.

ముందు నూనెల సంగతి. మన వంటింట్లో దొరికేవాటితో 500 గ్రాముల లెక్క వేద్దాం: కొబ్బరి నూనె 150 గ్రాములు, సన్‌ఫ్లవర్ 300, ఆముదం 50. ఫలితాల పట్టికలో హార్డ్‌నెస్ (గట్టిదనం) 30 వస్తుంది. అది సూచించే పరిధి 29 నుంచి 54. సరిపోయిందిగా అని కలిపేస్తే, వచ్చేది మైనం ముద్దలాంటి సబ్బు. ఎందుకంటే ఆ అంకె నూనెల్లోని లారిక్, మిరిస్టిక్, పామిటిక్, స్టియరిక్ అనే కొవ్వు ఆమ్లాల శాతాల కూడిక మాత్రమే. మిగతా 70 శాతంలో ఏముందో దానికి పట్టదు. అక్కడ ఉన్నది ఆలివ్ నూనెలోలా ఓలియిక్ అయితే సబ్బు నెమ్మదిగానైనా గట్టిపడుతుంది. ఒట్టి ఆలివ్ నూనె హార్డ్‌నెస్ 17 మాత్రమే, అయినా నెలల తరబడి ఆరబెడితే రాయిలా తయారవుతుంది. మామూలు సన్‌ఫ్లవర్‌లో ఉండేది ఎక్కువగా లినోలీయిక్. అది ఎంత ఆరినా మెత్తదనం వదలదు, పైగా త్వరగా కంపు కొట్టి నారింజ రంగు మచ్చలు తేలతాయి.

కాబట్టి హార్డ్‌నెస్ కన్నా కింద ఉండే అయోడిన్ (ఎక్కువైతే సబ్బు మెత్తన), ఐఎన్‌ఎస్ (సబ్బు మొత్తంగా ఎంత గట్టిగా వస్తుందో చెప్పే అంచనా, తక్కువైతే మెత్తన) అంకెలు చూడాలి. పై లెక్కకి అయోడిన్ దాదాపు 91 (ఉండాల్సింది 41 నుంచి 70), ఐఎన్‌ఎస్ దాదాపు 125 (ఉండాల్సింది 136 నుంచి 165). రెండూ గీత దాటాయి. అదే కొబ్బరి 150, పామ్ 200, సన్‌ఫ్లవర్ 100, ఆముదం 50 చేస్తే హార్డ్‌నెస్ 46, అయోడిన్ 59, ఐఎన్‌ఎస్ 157 దగ్గరికి వస్తాయి. అసలు ఈ రెండు అంకెలే పట్టిక పైన ఉండాల్సింది.

నూనె పేరు ఎంచుకునేటప్పుడు తొందర వద్దు. కొబ్బరి నూనె మూడు నాలుగు పేర్లతో కనిపిస్తుంది. మనం వాడేది '76 డిగ్రీలు' అని ఉన్నది. అది ఫారెన్‌హీట్, అంటే సుమారు 24 సెల్సియస్‌కి కరిగే రకం. పామ్, పామ్ కెర్నల్ పక్కపక్కనే ఉంటాయి కానీ ఒకటి కాదు: గ్రాము నూనెకి పట్టే కాస్టిక్ మొదటిదానికి 0.142 గ్రాములు, రెండోదానికి 0.176. ఇక మన కొట్లో ప్యాకెట్‌లో దొరికేది గడ్డకట్టే పామాయిల్ కాదు, దాన్నుంచి గట్టి భాగం తీసేసిన పామోలిన్. పామ్ అని నొక్కి పామోలిన్ పోస్తే తెర మీద కనిపించినంత గట్టిదనం సబ్బులో రాదు.

నీళ్ల విషయంలో మాత్రం దీన్ని మెచ్చుకోలేం. తెరవగానే 'నూనెల్లో 38 శాతం నీళ్లు' అని నింపి ఉంటుంది. పై రెండో లెక్కకి అది 190 గ్రాముల నీళ్లు, 5 శాతం సూపర్‌ఫ్యాట్‌తో (సబ్బుగా మారకుండా కావాలని మిగిల్చే నూనె) కాస్టిక్ 72 గ్రాములు. అంత నీటితో చేసిన సబ్బు వానాకాలంలో, అందులోనూ కోస్తా ఉక్కలో, ఆరడానికి వారాలు పడుతుంది. పక్కనే 'లై కాన్సంట్రేషన్' (కాస్టిక్ నీళ్లలో కాస్టిక్ శాతం) గడి ఉంది. అందులో 33 అని పెడితే నీళ్లు 146 గ్రాములకి దిగుతాయి. కొత్తవాళ్లు ఇంతకన్నా తగ్గించొద్దు, ట్రేస్ (మిశ్రమం చిక్కబడే దశ) మరీ త్వరగా వచ్చేస్తుంది. తర్వాత కలిపే కలబంద గుజ్జు, పాలు, రోజ్ వాటర్ లెక్కలోకి రావని గుర్తుంచుకుని, ఆ మేరకు నీళ్లలోంచి తగ్గించాలి. కాస్టిక్ వేయకముందే ఆ నీళ్లలో 5 గ్రాముల ఉప్పు కరిగిస్తే అచ్చులోంచి తేలిగ్గా ఊడుతుంది. ఈ చిట్కా సోప్‌క్యాల్క్ చెప్పదు.

మూడోది కాస్టిక్. ద్రవ సబ్బుకి వాడే పొటాషియం హైడ్రాక్సైడ్‌కి 90 శాతం స్వచ్ఛత అనే గడి ఇచ్చారు కానీ, గట్టి సబ్బుకి వాడే సోడియం హైడ్రాక్సైడ్‌కి, అంటే మన కాస్టిక్ సోడాకి, ఇవ్వలేదు. హార్డ్‌వేర్ షాపులో మూత తీసి ఉన్న సంచిలోంచి తూచి ఇచ్చిన పలుకులు గాలిలో తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ఉంటాయి. బలం 90 శాతానికి పడిపోతే, 5 అనుకున్న సూపర్‌ఫ్యాట్ నిజానికి 14 దాటుతుంది. సబ్బు మెత్తగా, జిడ్డుగా మిగులుతుంది. సీసా మీద స్వచ్ఛత రాసి ఉంటే 72ని దానితో భాగించండి. 97 శాతమైతే 74 గ్రాములు. రాసి లేకపోతే ఆ సరుకు కొనకపోవడం మంచిది.

ఇప్పటికే మెత్తగా వచ్చిన సబ్బుకి: కోసిన ముఖం మీద టిష్యూ అద్దండి. తడి తప్ప జిడ్డు అంటకపోతే అది నీళ్ల సమస్య. జాలీ మీద, గాలి తగిలే చోట విడివిడిగా నిలబెట్టి, వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగేదాకా వాడొద్దు. మామూలుగా 4 నుంచి 6 వారాలు. విడి గుంటల సిలికాన్ అచ్చు అయితే, గంట ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే ముక్క చెడకుండా వస్తుంది. జిడ్డు అంటితే కాస్టిక్ తక్కువైనట్టు. ఎంత తక్కువ వేశారో కచ్చితంగా తెలిస్తేనే (72కి బదులు 60 తూచారనుకోండి) సబ్బు తురిమి, స్టీలు గిన్నెలో సన్నటి సెగ మీద కరిగించి, మిగతా 12 గ్రాములను 24 గ్రాముల నీళ్లలో వేసి కరిగించి పోయాలి. కాస్టిక్‌ను నీళ్లలో వేయాలి, నీళ్లను కాస్టిక్ మీద పోయకూడదు. అల్యూమినియం గిన్నె దగ్గరికి రానివ్వొద్దు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

యూనిట్ కూడా ముందే పౌండ్లలో ఉంటుంది, గ్రాములకి మార్చుకోవాలి. నూనెను మాత్రం లీటరు గ్లాసుతో కొలవొద్దు. లీటరు ప్యాకెట్ మీదే 910 గ్రాములని రాసి ఉంటుంది. 500 మిల్లీలీటర్లు పోసి 500 గ్రాములని లెక్క కడితే నూనె 45 గ్రాములు తగ్గి, కాస్టిక్ మిగిలిపోతుంది. ఆ సబ్బు మెత్తగా ఉండదు, గట్టిగానే వస్తుంది. ఒంటికి మాత్రం మంట పెడుతుంది.