విశాఖ–భీమిలి రోడ్డు: సముద్రం కుడివైపు, అసలు సంగతులు ఎడమవైపు

విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డులో కారెక్కిన వాళ్ల మెడలన్నీ కుడివైపే తిరిగి ఉంటాయి. సముద్రం అటే మరి. నా మట్టుకు ఆ దారిలో చూడదగ్గవి ఎడమవైపున్నాయి, అదీ కారు దిగి నడిచిన వాళ్లకే. పట్టుమని ముప్పై కిలోమీటర్లు లేని రోడ్డుకి రోజంతా ఎందుకని మా డ్రైవరుకే అనుమానం వచ్చింది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర గంటలకొద్దీ ఆగుతామంటే, "అక్కడేముంది సార్, మట్టే కదా!" అన్నాడు.

ప్యాకేజీ కార్లకి ఒక వరస ఉంటుంది. పొద్దున్న కైలాసగిరి, తర్వాత రుషికొండ, మిట్టమధ్యాహ్నానికి దిబ్బలు, ఆకలితో నకనకలాడుతూ భీమిలి. ఆ వరసలో వెళ్లిన వాళ్లకి దిబ్బలంటే చెమట, రెండు ఫోటోలు. అందుకే మేం తెల్లవారుతూనే బయల్దేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా ముందు అక్కడికే పోయాం.

రోడ్డు మీంచి చూస్తే జీడిమామిడి చెట్లు, తుప్పలు, ఎర్రటి గట్లు, అంతే. లోపలికి నాలుగడుగులు వేశాక నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. వాననీళ్లు కోసిన గెడ్డలు చీలి, మళ్లీ చీలి, రెండు పక్కలా మనిషిని మించి ఎన్నో రెట్లు ఎత్తున ఎర్రగోడలు నిలబడతాయి. చివరి మంచుయుగంలో సముద్రమట్టం వంద మీటర్లకు పైగా దిగిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఇటు తోసిందని భూగర్భ శాస్త్రవేత్తల మాట. రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడే ఆ ఎరుపు. దక్షిణాసియాలో ఇలాంటివి మళ్లీ చూడాలంటే తమిళనాడు తీరానికో శ్రీలంకకో పోవాలి. జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు ఉంది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలోకీ చేరింది. అయినా లోపల ఒక్క దారిబోర్డు కనిపించలేదు. చుట్టూ లేఅవుట్లు మాత్రం బోర్డులతో సహా కనిపించాయి.

నడిచేవాళ్లకి రెండు మాటలు. గెడ్డలన్నీ ఒకేలా ఉంటాయి, వచ్చిన దారి గుర్తుపెట్టుకోండి. గట్ల అంచున నిలబడి సెల్ఫీలొద్దు, అది రాయి కాదు, ఇసుక. కాలికింద జారిపోతుంది, పైగా మనం తొక్కిన ప్రతి అంచూ పాడైనట్టే. లోపల నీళ్లు లేవు, నీడ లేదు, మరుగుదొడ్డి ఊసే లేదు. ఎనిమిదిన్నరకే ఎండ నెత్తికెక్కింది, బయటపడ్డాం. తెల్లసాక్సులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

భీమిలిని తొందరపడకుండా చూడాలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు; ఇప్పుడు మధ్యాహ్నం పూట మేకలు తప్ప రోడ్డు మీద ఎవరూ ఉండరు. డచ్చివాళ్ల సమాధుల్లో కోసుగా లేచిన కట్టడాలు బావున్నాయి, కానీ గేటుకి తాళం. ప్రహరీ అవతలి నుంచే చూశాం. లైట్‌హౌస్ దాటి గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి వెళ్తే పడవలు, వలలు, చేపల బేరాలు. బొర్రా గుహల్ని తొలిచిన నది ఇదేనంటే మా పిల్లలు నమ్మలేదు. పావురాళ్లకొండ మెట్లు ఎక్కే ఓపిక ఆ ఎండలో ఎవరికీ లేకపోయింది. చలికాలమైతే నరసింహస్వామి గుడిదాకా ఎక్కి తీరాల్సిందే. భోజనానికి ఏసీ బోర్డు చూసి ఆగొద్దు. ఒడ్డుకి దగ్గర్లో రేకులషెడ్డు హోటల్లో తిన్న కోనాం చేప వేపుడూ చేపల పులుసూ, మర్నాడు రుషికొండ పక్క ఖరీదైన రెస్టారెంటులో తిన్నదానికంటే నయం. ధర సగం కూడా లేదు.

తిరుగు ప్రయాణంలో రోడ్డుకి మనవైపే సముద్రం వస్తుంది కాబట్టి, నచ్చినచోట పక్కకి తీసి ఆపుకోవచ్చు. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం చూడ్డానికి అలాగే ఆగాం. అక్కణ్ణుంచి తొట్లకొండ. కారు పైదాకా పోతుంది, మేం కిందే వదిలేసి నడిచాం. తారురోడ్డే, మెల్లగా ఎక్కుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య కూడా అక్కడక్కడ కూర్చుంటూ ఎక్కేశారు. 1970లలో నౌకాదళం వైమానిక సర్వే చేయించినప్పుడు బయటపడిన బౌద్ధారామం ఇది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోము వెండి నాణేలూ దొరికాయి. ఓడల మీద వచ్చిన డబ్బు భిక్షువుల కొండదాకా ఎక్కిందన్నమాట. స్తూపం, చైత్యాలు (ప్రార్థనా మందిరాలు), వరసగా చిన్నచిన్న గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటితొట్లు. గది గుమ్మంలో నిలబడితే ఎదురుగా బంగాళాఖాతం. చోటు ఎంచుకోవడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. సాయంత్రం గేటు మూసేస్తారు, నాలుగింటికల్లా పైకి చేరండి.

బసకి మేం లాసన్స్ బే కాలనీలో గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. "సీ వ్యూ" గదికి అదనంగా గుంజారు. బాల్కనీ చివర నిలబడి మెడ సాచితే రెండు మేడల మధ్య నీలంగా ఒక ముక్క కనిపించింది. పొద్దున్నే దిబ్బలకి పోవాలనుకుంటే రుషికొండ పక్కన గది మేలు. అక్కడి బీచ్‌కి 2020లో శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా ఉంది. ఈత మాత్రం లైఫ్‌గార్డులున్నచోటే. ఈ తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలు ఎక్కువ.

కారుని పాయింట్ల లెక్కన కాకుండా గంటల లెక్కన మాట్లాడుకోండి, లేకపోతే ప్రతిచోటా తొందర పెడతారు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి ఆర్టీసీ సిటీ బస్సులూ తిరుగుతాయి, ఒక్కరో ఇద్దరో అయితే అవి చాలు. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామిని ఇదే రోజులో ఇరికించకండి. వేరే సాయంత్రానికి పెట్టుకోండి, సోమవారం తప్ప.